ముందే చెల్లించిన మొక్కు

పట్టీ విప్పేది ఎనిమిదింటికని నిన్ననే చెప్పారు. ఇప్పుడు ఏడు దాటిందని బాలలక్ష్మికి ఎవరూ చెప్పనక్కర లేదు. దవాఖాన వరండాలో చీపురు చప్పుడు ఆగి తడిగుడ్డ చప్పుడు మొదలైంది, రోడ్డు మీద దుబ్బాక బస్సు డ్రైవరు హారను మీది నుంచి చెయ్యి తియ్యడం లేదు, పక్క మంచం ముసలమ్మ నిద్రలేచి మొదటి దగ్గు దగ్గింది. చూపు తగ్గితే చెవులు పదునెక్కుతాయని అందరూ అంటారు గాని అదంతా ఉత్తదే, చెవులు ఎప్పటి చెవులే, వాటి మాట వినే తీరిక ఇన్నాళ్ళకు దొరికింది, అంతే. ముప్పై ఏళ్ళు మగ్గం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినని మనిషి. వెల్లకిలా పడుకోవాలన్నారు, పక్కకు ఒత్తిగిలొద్దన్నారు, తల వంచొద్దు, దగ్గొద్దు అన్నారు, దగ్గొద్దు అన్నప్పటి నుంచి గొంతులో ఒకటే గరగర. ఎడమ కన్ను ఆమె లెక్కలో లేదు, ఇరవై ఏళ్ళ కిందట పేక పోగు దూర్చే నాడె మగ్గం మీది నుంచి ఎగిరొచ్చి తగిలిన రోజే అది పోయింది. ఉన్నది కుడి కన్నొక్కటే. దాని మీద దూది, దూది మీద పట్టీ, పట్టీ మీద ప్లాస్టిక్ మూత, ఒక్క కన్నుకు ఇన్ని తలుపులు. ఆ తలుపుల వెనక ఏముందో ఇంకో గంటకు తెలుస్తుంది. డాక్టరమ్మ ఏమీ దాచలేదు. "బాగ ముదిరిందమ్మా. పొర తీస్త. వెనక నరం ఎట్లున్నదో తీసినంక గాని తెల్వదు. చూపు రావచ్చు, రాకపోవచ్చు," అంది. వస్తే మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటుంది. రాకపోతే ఆ గుంట పూడ్చేస్తారు, రాజం కొడుకు సందీప్ ఆ జాగాలో బండి పెట్టుకుంటాడు. పాపం వాడేమీ అడగలేదు. అడగకుండానే ఒకరోజు అడుగులతో కొలిచి చూసుకున్నాడు, ఆ అడుగులు ఆమె వింది.

రాజం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది, గాజుల చప్పుడును బట్టి కొంగుతో విసురుకుంటోంది. బాలలక్ష్మికి తోటికోడలు, వయసులో ఆరేళ్ళు చిన్న, నోటి దగ్గర ఆరేళ్ళు పెద్ద. ఆమె నూలు కండెలు చుడితే ఈమె నేసేది, ఒక మగ్గం మీద ఇద్దరి బతుకు. మంచిదే రాజం, దవాఖానకు వెంట వచ్చింది, నిన్నటి నుంచి కదలకుండా కూర్చుంది, మంచిదే. కాని శివరాత్రి ముందు మల్లన్న గుట్ట దిగుతూ అన్న ఒక్క మాట మాత్రం బాలలక్ష్మి ఇప్పటికీ మింగలేకపోతోంది. ఆ మాటకు ముందు మొక్కు సంగతి ఉంది. మొక్కు ఎవరైనా పని అయ్యాకే చెల్లిస్తారు. పిల్లవాడు పుట్టాక తొట్టెల కడతారు, బోరులో నీళ్ళు పడ్డాక యాట కోస్తారు, ఉద్యోగం వచ్చాక తలనీలాలిస్తారు. దేవుడికైనా అదే అలవాటు. బాలలక్ష్మి మొక్కు కళ్ళ కోసం. ఇస్తానన్నది చీర. ఆ చీర నేయాల్సింది మళ్ళీ ఆ కళ్ళే. కళ్ళు బాగయ్యాక నేస్తానంటే, బాగు కాకపోతే? కాకపోతే ఇచ్చేదే లేదు గదా, మొక్కంటే అదే గదా అంది రాజం, లెక్క ప్రకారం రాజం మాటే సరైనది. బాలలక్ష్మికే అది మనసుకు పట్టలేదు. తల్లికి చీర పెడతానని నోటితో అన్నాక ఆ చీర తల్లిదే. కనపడుతున్నన్ని రోజుల్లోనే నేసి పెట్టెయ్యాలి. తల్లి ఇస్తే ఇస్తుంది, లేకపోతే లేదు. "దేవునికి అడ్వాన్సు ఇస్తున్నవా అక్కా" అని రాజం విరగబడి నవ్వింది, నవ్వుతూనే కండెలు చుట్టింది.

తల్లి అంటే కేతమ్మ. సిద్దిపేటకు ఒక బస్సు దూరంలో గుట్ట మీద చిన్న మల్లన్న గుడి ఉంది, పెద్ద జాతరకు పోలేనివాళ్ళు అక్కడికే పోతారు. మల్లన్నకు ఇద్దరు భార్యలు, ఈ పక్క మేడలమ్మ, ఆ పక్క గొల్లలింటి ఆడపిల్ల కేతమ్మ. లోకమంతా మల్లన్నకు మొక్కుతుంటే బాలలక్ష్మి అత్త రాములవ్వ మాత్రం కేతమ్మను పట్టుకుంది. "ఆయన కాడ ఎప్పుడు గుంపే ఉంటది పిల్లా. మనసొంటోళ్ళ ముచ్చట ఆయన చెవిల పడదు. ఆమెకైతే తీరికుంటది, ఆమెకు చెప్తె ఆమె పొద్దుమీకి ఆయనకు చెప్తది," అనేది. రాములవ్వకు దేవుళ్ళంటే భయం లేదు, వాడకట్టు మనుషులే ఆమెకు. మగ్గం దగ్గర మాత్రం వేరే మనిషి. గొల్లభామ బొమ్మను నేయడం ఆమే నేర్పింది. చీర మీద అద్దేది కాదు, కుట్టేది కాదు, పడుగులోని పోగుల్ని వేలితో లెక్కబెట్టి ఎత్తి, వాటి కింది నుంచి రంగు నూలు ముక్కను దూర్చి, ఒక్కో వరసా పేర్చుకుంటూ రావాలి. కాళ్ళతో మొదలుపెడితే గాగరా, నడుము, రవిక, మెడ, ముఖం, నెత్తి మీద పాలకుండ. అరచేయంత లేని ఆడమనిషి. ఒక్క పోగు తప్పితే నడుము వంకర పోతుంది, రెండు తప్పితే కుండ జారుతుంది. "కుండ జారిందనుకో, పాలు పోయినట్టే. పాలు పోతె ఆమె బజారుకు పోయి ఏం అమ్ముకుంటది, పిల్లలకేం పెడ్తది? నీ శేతుల ఉన్నది ఆమె బతుకు," అని రాములవ్వ ఎంత గట్టిగా చెప్పిందంటే కొత్త కోడలు బాలలక్ష్మి రెండేళ్ళ వరకూ కుండ నేసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. గొల్లలింటి తల్లికి గొల్లభామ చీర కాకపోతే ఇంకేం పెడతారు. మీగడరంగు నూలు చీర, ఎర్రంచు, ఒళ్ళంతా గొల్లభామలు.

ముసలమ్మ మళ్ళీ దగ్గింది. దగ్గొచ్చు, ఆమెకు రేపు గదా ఆపరేషన్. సాంబ్రాణి వాసన వస్తోంది, దవాఖానలో సాంబ్రాణి ఎవరు వేశారు, కింద మందుల దుకాణం వాడయి ఉంటాడు, గుట్ట మీద కూడా ఇదే వాసన, దానికి తోడు బండారి వాసన. మల్లన్న గుడిలో పసుపును బండారి అంటారు. అక్కడ కుంకుమ కంటే అదే ఎక్కువ, ముఖానికి పూస్తారు, పిడికిళ్ళతో దేవుడి మీద చల్లుతారు, ఇంటికి వచ్చి రెండు స్నానాలు చేసినా చెవుల వెనక నుంచి రాలుతుంది. చీర ఇవ్వడానికి గుట్ట ఎక్కిన రోజు ఆమెకు కనపడ్డది పసుపు పచ్చని పొగ తప్ప ఇంకేమీ కాదు. వరసలో పట్టుచీరల గరగర వినపడింది, ముందు ఎవరో కారులో వచ్చినవాళ్ళున్నారు. పూజారి ఐలయ్య డోలు పక్కన పెట్టి వచ్చి చేతిలోంచి చీర అందుకున్నాడు. అందుకున్నాడు, అంతే తెలుసు. తరవాత ఏం చేశాడో ఆమెకు కనపడలేదు. చివరి బస్సు పోతుందని ఇద్దరూ గబగబా దిగారు, సగం మెట్ల మీద ఆమె అడిగింది, కట్టిండా రాజం, తల్లికి కట్టిండా. రాజం చెప్పకుండా ఉండాల్సింది, లేకపోతే అబద్ధమన్నా చెప్పాల్సింది. "లేదక్కా. పట్టుచీర కట్టి ఉండె. మనది తీస్కపోయి మూలకు కుప్ప మీద ఏసిండు," అంది. ఆరు మెట్లో ఏడు మెట్లో దిగాక బాలలక్ష్మి కాలు తప్పి పడబోతే రాజం పట్టుకుంది.

కుప్ప మీద వేశాడు. నాలుగు నెలలు కూర్చుని నేసిన చీర. రోజుకు ఒక్క వరస కూడా సాగని రోజులుండేవి, మధ్యాహ్నం కిటికీ ఎండ పడుగు మీద పడే రెండు గంటలే ఆమెకు పనికొచ్చేవి, మబ్బు పడితే ఆ రోజు పోయినట్టే. చివరికి వచ్చేసరికి కన్నుతో కాదు, వేలికొసతోనే లెక్క. సరిగ్గానే వస్తోందనుకుంది. గుట్ట దిగి వచ్చాక ఆమె ఎవరినీ ఏమీ అనలేదు, ఏడవలేదు, దీపం ముట్టించడం మాత్రం మానేసింది. తల్లీ, నీకు పట్టే కావాలంటే ముందే చెప్పొద్దా అని ఒక్కసారి మనసులో అనుకుని, అనుకున్నందుకు చెంపలేసుకుని, చెంపలు వేసుకున్నందుకు ఇంకా కోపం తెచ్చుకుని, కోపం ఎవరి మీదో తెలియక అన్నంలో ఉప్పు ఎక్కువేసింది. గుళ్ళో కుప్ప పడిన చీరలను ఉగాది నాడు కమిటీవాళ్ళు వేలం వేస్తారు. దేవతకు ఇచ్చిన చీర ఇంట్లో ఉంటే శుభమని జనం పాడుకుని తీసుకుపోతారు. ఏ ఇంటి బీరువాలోనో పడుంటుందిలే అనుకుంది. ఉగాది నాటికి ఆమెకు తలుపుకూ గోడకూ తేడా తెలియడం పోయింది. కంటి క్యాంపుల్లో ఇద్దరు డాక్టర్లు చూశారు, ఇద్దరిదీ ఒకటే మాట, ఉన్నది ఒక్క కన్ను, మేము ముట్టుకోము, హైదరాబాదు పొండి అని. ఎవరితో పోతుంది, ఎక్కడుంటుంది. మగ్గం మీద సగం నేసిన తువ్వాలను అట్లాగే వదిలేసి గుంట మీద పలక కప్పింది.

"చాయ్ తాగుతవా అక్కా?"

"పట్టీ విప్పినంక తాగుత."

విప్పాక. విప్పాక కప్పు రంగు కూడా చెబుతుందేమో, లేకపోతే రాజమే నోటికి అందిస్తుందేమో. ఒక్క గంట. గంటలో ఒక గొల్లభామ నడుము దాకా వస్తుంది, మంచి వెలుతురుంటే రవిక దాకా. ఆషాఢంలో ఒక ఆదివారం వాడలోకి కారు వచ్చింది. వాన వచ్చి వెలిసింది, కారు బురదలో ఆగితే ఎవరో దిగి నడుచుకుంటూ వచ్చారు, చెప్పుల చప్పుడు ఆడమనిషిది. ఈ చీర నేసింది ఎవరని ఇంటింటా చూపిస్తూ వచ్చింది. గొల్లభామలు నేసేవాళ్ళు ఇప్పుడు సిద్దిపేటలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే, వాళ్ళలో ఎవరి గొల్లభామ ఎట్లా నిలబడుతుందో వాడంతటికీ తెలుసు, ఒకామెది లావు నడుము, ఒకామెది పొట్టి మెడ. బాలలక్ష్మి గొల్లభామ కుడికాలు కాస్త ముందుకు వేసి ఉంటుంది, ఏదో పనికి బయల్దేరినట్టు. కాలు చూసి అందరూ ఇల్లు చూపించారు. వచ్చినామె పేరు మనస్విని, కంటి డాక్టరు. వాళ్ళమ్మ రాధమ్మ ఉగాదికి గుట్ట మీద వేలంలో ఈ చీర పాడుకుని బిడ్డకు పెట్టిందట. "ఒక్కసారి కట్టుకున్ననమ్మా. కట్టుకోని అద్దంల చూస్కుంటే నాకు దడ పుట్టింది," అంది గుమ్మంలో నిలబడే. చీర రాజం చేతికిచ్చి విప్పించి, వరసగా చెప్పుకుంటూ పోయింది. ఈ కొసన బొమ్మలన్నీ మంచిగ ఉన్నయి, ఒక్క పోగు తేడా లేదు. మూరెడు దాటినంక ముఖాలు చిన్నగయినయి. ఇంకో రెండు మూరలకు చేతులు అతకలేదు. ఇటు కొంగు కాడికొచ్చేసరికి అందరి నెత్తుల మీద కుండలు ఎడమదిక్కు జారినయి. "మేము గోడకు చార్టు పెట్టి అక్షరాలు సదివిస్తం, ఏ వరస కాడ ఆగిన్రో చూసి కన్ను ఎంత పోయిందో చెప్తం. మీరు చీర మీదనే పంపిన్రు. ఇది నేసిన మనిషికి దినదినం చూపు పోతుంది, ఎవ్వలకు చూపిస్తలేదని నాకు సమజయింది. అందుకే వచ్చిన," అంది. బాలలక్ష్మి చీరను ముట్టుకోలేదు. కుండలు జారాయన్న మాట దగ్గరే ఆగిపోయింది. తల్లికి జారిన కుండల చీర ఇచ్చింది. రాములవ్వ ఉంటే మూతి మీద కొట్టేది. కుప్ప మీద వేశాడంటే వెయ్యడా మరి. ఐలయ్యకు కళ్ళున్నాయి.

డాక్టరమ్మ పొరను టార్చితో చూసింది, పైసల మాట ఎత్తనియ్యలేదు, నేను చేస్త అంది. ఆమె పోయాక వాడంతా ఒకటే మాట, మల్లన్న పంపాడు, కేతమ్మ పంపింది, అడ్వాన్సు ఊరికే పోలేదు అని. అందరికంటే పెద్దగా అన్నది రాజమే. బాలలక్ష్మికి మాత్రం లెక్క కుదరలేదు, ఇప్పటికీ కుదరడం లేదు, ఈ మంచం మీద వెల్లకిలా పడుకుని నిన్నటి నుంచి అదే లెక్క. తల్లి చూసుంటే చీర కుప్పలో ఎందుకు పడింది. తల్లి చూడకపోతే చీర పోయి పోయి కంటి డాక్టరింట్లో ఎందుకు పడింది. వేలంలో ఎన్ని చీరలుంటాయి, ఎందరు పాడుకుంటారు. ఇష్టం లేని చుట్టం ఇంటికి వస్తే మాట్లాడకుండా అన్నం పెట్టి పంపినట్టు, చీర వద్దు గాని కళ్ళు తీసుకుపో అందా. అట్లా ఇస్తే తీసుకోవాలా. చూపు రావాలని ఉంది. ఒట్టు, ఉంది. కాని వచ్చిన చూపుతో ఏ ముఖం పెట్టుకుని గుట్ట ఎక్కాలి. దీపం ముట్టించక ఎన్ని నెలలయింది. తల్లీ, నేనైతే ముందే ఇచ్చిన. మంచిగ లేదు, నాకు తెల్వదు మంచిగ లేదని. తీసుకున్నవా లేదా, ఆ ఒక్కటి చెప్పు.

చెప్పుల చప్పుడు. ఆదివారం బురదలో విన్న చెప్పులే. నర్సు నుస్రత్ ట్రే తెచ్చింది, లోహం మీద లోహం చప్పుడు. "అమ్మీ, హిలొద్దు, కదలొద్దు, హాయిగ కూసో," అంటూ వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. గొంతులో గరగర ఇప్పుడే రావాలా. మూత ఊడింది. ప్లాస్టరు చెంప మీది వెంట్రుకల్ని పట్టుకుని లాగింది, చల్లటి తడి దూది రెప్పల మీద రెండుసార్లు తిరిగింది. మెల్లగ తెరువున్రి అన్నారు. తెరిచిందో లేదో ఆమెకే తెలియలేదు, అంతా తెలుపు, ఉడికిన గంజి తెలుపు, ఆ తెలుపు ఇటు కదిలింది, అటు కదిలింది, దాని నడుమ నుంచి ఏదో పైకి లేచింది.

"ఇవి ఎన్ని?" అంది డాక్టరమ్మ.

"మూడు," అంది బాలలక్ష్మి. ఇంకాస్త చూసి, "నడిమి దానికి ఉంగరం," అంది.

రాజం ముక్కు చీదింది. రాజం ముసలిదయింది, ఎప్పుడయిందో, జుట్టు సగం తెల్లబడింది. కిటికీకి ఆకుపచ్చ రంగు వేశారు. నర్సు చిన్నపిల్ల. ఇన్ని అంచులున్నాయి లోకంలో, ప్రతిదానికీ ఒక అంచు, స్టూలుకు, గ్లాసుకు, గోరుకు. డాక్టరమ్మ నవ్వుతూ సంచిలో చెయ్యి పెట్టి మీగడరంగు చీర తీసి ఆమె ఒళ్ళో పరిచింది. "చార్టు తర్వాత సదువుదురు గాని. ముందు ఇది చూడున్రి," అంది. తల వంచొద్దని నర్సు అరిచేలోపు రాజమే చీరను పైకెత్తి ముఖం ఎదురుగా పట్టింది. మొదట కొస చూసింది, బాగానే ఉంది. జరుపుకుంటూ పోయింది. చేతులు అతకని ఆడమనుషులు, ముఖాలు లేని ఆడమనుషులు, కొంగు దగ్గర వరసకు వరస కుండలన్నీ ఎడమకు ఒరిగిపోయి. సిగ్గుతో ఆమె మెడ కాలింది. "గింత అధ్వానంగ నేసిన్నా. ఒక్క మాటన్న చెప్పకపోతివి రాజం." "నాకేమెరుక అక్కా. నువ్వు నేస్తున్నవంటె మంచిగనే నేస్తున్నవనుకున్న," అంది రాజం.

అప్పుడు పసుపు కనపడింది. కొంగు మీద ఒక గీత. వేలెడు వెడల్పు, పై అంచు నుంచి కింది అంచు దాకా నిలువుగా. జానెడు చీర శుభ్రంగా ఉంది, తరవాత మళ్ళీ ఒక గీత. మళ్ళీ జానెడు, మళ్ళీ గీత. రాజం చేతుల్లోంచి చీర లాక్కుని బారలు బారలుగా జరిపింది, చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా అవే గీతలు, అదే ఎడం. "ఆ మరకలు పోతలేవమ్మా," అంది డాక్టరమ్మ, కొంచెం మొహమాటంగా. "మా అమ్మ తెచ్చిన్నాడే ఉన్నయి. రెండు మూడుసార్లు పిండిపిచ్చిన. ఏం పెట్టి ఉతకాల్నో మీకైతే తెలుస్తదనుకున్న." బాలలక్ష్మికి ఆ మాట సగమే వినపడింది. మడత పెట్టి కుప్ప మీద పడేసిన చీర మీద బండారి పడితే పై మడత మీద ఒకచోట పడుతుంది, చేటంత మరక అవుతుంది. గీతలు పడవు. జానెడు జానెడుకు గీత పడాలంటే విగ్రహానికి కట్టేటట్టు చీరనంతా కుచ్చిళ్ళు పట్టి ఉండాలి, కుచ్చిళ్ళు బయటికి పెట్టి కట్టి ఉండాలి, కట్టాక దాని మీద పిడికిళ్ళతో చల్లి ఉండాలి. కుచ్చుల అంచులకు అంటుతుంది, లోపలి మడతలకు అంటదు. చీరల మధ్యే పుట్టి పెరిగిన మనిషికి ఇది ఇంకొకరు చదివి చెప్పేది కాదు. తామిద్దరూ బస్సు కోసం మెట్లు దిగుతున్నప్పుడో, ఆ మరునాడో, పట్టుచీర విప్పి తల్లికి ఇది కట్టారు.

"రాజం. జర ఈడ చూడు. కుచ్చిళ్ళు."

రాజం చూసింది. ఆమె కూడా చీరల మనిషే. ఆ ఆదివారం గుమ్మంలో విప్పినప్పుడు వీటిని ఒట్టి మరకలనుకుంది. ఒక గీతను వేలితో తడిమి, "నేను కుప్ప మీద ఏసినకాడికే చూసిన అక్కా. బస్సు పోతదని ఉరికినం గద," అంది, మెల్లగా.

"కుండలు జారినా తల్లి కట్టుకున్నది," అంది బాలలక్ష్మి. కొత్త కంట్లోంచి నీళ్ళు రాకూడదని నర్సు మొత్తుకుంటోంది, దూది తెస్తోంది. "ఉతకకు బిడ్డా ఇది. ఎన్నడు ఉతకకు. నీకు కట్టుకోను మంచిది నేసిస్త."

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు, అయినా సరే అంది. బాలలక్ష్మి చీరను మడత పెట్టలేదు. జానెడు జానెడు చొప్పున, గీత మీద గీత పెడుతూ కుచ్చిళ్ళు పట్టి, డాక్టరమ్మ చేతికిచ్చింది. తరవాత రాజాన్ని చాయ్ తెమ్మంది.